పగడాల దగ్గర ఆగిన కెమెరా

పిల్లలూ! ఈ నెల నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. ముప్ఫై అయిదేళ్ళు పాఠాలు చెప్పినవాడు కూడా ఒక్కొక్కప్పుడు తప్పుపాఠం చెబుతాడని మీకు తెలియాలి గదా!

మా చెల్లెలి కూతురు విశాఖపట్నంలో సముద్రజీవులను గురించి చదువుకున్నది. ఆమెకు అరచేతిలో ఇమిడే డిజిటల్ కెమెరా ఒకటి ఉన్నది. దాన్ని పట్టుకుని నీటిలో మునిగినా లోపలికి చుక్క నీరు పోదు. 2023 వర్షాకాలంలో ఆమె ఊరికి వెళుతూ ఆ కెమెరానూ, దాని బాటరీలు రెండూ నాకిచ్చి, "మామయ్యా, వీటిని మీ బీరువాలో ఉంచండి. మళ్ళీ వేసవికి గాని వీటితో పని లేదు," అన్నది.

నేను మామూలుగా ఉంచి ఊరుకుంటే బాగుండేది. కాని నా చిన్నతనంలో నేర్చుకున్న సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. వెనకటి నికెల్-కాడ్మియం బాటరీలను పూర్తిగా ఖాళీ చేసి, ఆ తరవాతనే చార్జి చెయ్యమనేవారు. సగంలో చార్జి చేస్తూ పోతే అవి ఆ సగానికే అలవాటు పడిపోయేవి. అందుచేత నేను ఒక బాటరీని కెమెరాలో వేసి, గోడమీద బల్లిని వీడియో తీస్తూ, కెమెరా దానంతట అది ఆరిపోయేదాకా కూచున్నాను. రెండో బాటరీని కూడా అలాగే చేద్దామనుకుని మరిచిపోయాను. నా మరుపు వల్ల లాభం కలగడం అదే మొదటిసారి.

2024 ఏప్రిల్‌లో ఆమె తిరిగి వచ్చింది. రెండు రోజుల్లో కొందరితో కలిసి లక్షద్వీప్‌లోని అగత్తి ద్వీపానికి ప్రయాణం. బాటరీలను చార్జరులో పెట్టింది. ఒకటి చక్కగా చార్జి అయింది. నేను ఖాళీ చేసిన రెండోది పెట్టగానే చార్జరు దీపం టపటపా కొట్టుకుని ఊరుకున్నది. ఎన్నిసార్లు పెట్టినా అంతే.

"దీన్ని ఖాళీ చేసి పెట్టారా, మామయ్యా?" అని అడిగింది.

నేను ఒప్పుకున్నాను. కొత్తది తెప్పించడానికి వ్యవధి లేదు.

ఇందులో జరిగినదేమిటో వినండి. ఈ కాలపు కెమెరాల్లో ఉండేది లిథియం-అయాన్ బాటరీ. దీన్ని 1991లో సోనీ కంపెనీ మొదటిసారి అమ్మకానికి తెచ్చింది. ఇది తయారు కావడానికి మూలపురుషులైన జాన్ గుడినఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యొషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. అప్పటికి గుడినఫ్‌గారి వయసు 97 సంవత్సరాలు! నోబెల్ బహుమతి పొందినవారిలో ఆయనకన్న పెద్దవారు లేరు.

ఈ బాటరీ లోపల రెండు గదులున్నవనుకోండి. ఒకటి గ్రాఫైటుతో చేసినది, రెండోది కోబాల్టు వంటి లోహపు ఆక్సైడుతో చేసినది. లిథియం అయాన్లు బడిపిల్లల వంటివి. చార్జి చేస్తే అవి గ్రాఫైటు గదిలోకి పోయి కూచుంటాయి. కెమెరా వెలిగిస్తే ఒక్కొక్కటే రెండో గదికి తిరిగి వస్తాయి. గ్రాఫైటు గది దాదాపు ఖాళీ కాగానే, లోపల ఉండే చిన్న కాపలా సర్క్యూటు "ఇక చాలు" అని తలుపు మూసేస్తుంది. అయితే బాటరీ ఊరికే ఉన్నా కొద్దికొద్దిగా శక్తి తరిగిపోతూనే ఉంటుంది. ఖాళీదాన్ని నెలల తరబడి వదిలేస్తే వోల్టేజి మరీ దిగజారిపోయి, గ్రాఫైటును పట్టుకుని ఉన్న రాగిరేకే కరగడం మొదలుపెడుతుంది. అటువంటి బాటరీని చార్జి చెయ్యడం ప్రమాదం గనక చార్జరు ఒప్పుకోదు. అది మొరాయించడం కాదు, జాగ్రత్త.

నిండుగా చార్జి చేసి దాచినా మంచిది కాదు. ముఖ్యంగా వేడిలో నిండు బాటరీ త్వరగా ముసలిదవుతుంది. సుమారు సగం చార్జితో, చల్లని పొడిచోట దాచి, మూడు నెలలకొకసారి చూసుకోవాలి. నేను మరిచిపోయిన రెండో బాటరీ అదృష్టవశాత్తు సరిగ్గా అలాగే ఉన్నది.

ఆ ఒక్క బాటరీతోనే మా మేనకోడలు వెళ్ళింది. ఒక్కటయితే నేమని మీరనవచ్చు. ఆ ఏడు వేసవిలో సముద్రం వేడెక్కి లక్షద్వీప్‌లో పగడాలు విస్తారంగా తెల్లబడిపోయినాయి. పగడపు పురుగుల ఒంట్లో కంటికి కనిపించని నాచుమొక్కలు కాపురముండి వాటికి ఆహారం తయారుచేసి పెడతాయి. నీరు వేడెక్కితే పురుగులు ఈ నాచును బయటికి తరిమేస్తాయి. అప్పుడు పగడం ఎముకలాగా తెల్లగా కనిపిస్తుంది. అది ఇంకా చావలేదు. నీరు త్వరగా చల్లబడితే బతకవచ్చు, లేకపోతే కొన్ని వారాల్లో చచ్చిపోయి దానిమీద వేరే నాచు పట్టేస్తుంది. అందుచేత ఏ పగడం ఏ రోజున ఎట్లా ఉన్నదో ఆ రోజునే ఫోటో తియ్యాలి. ఇవాళ తప్పితే మళ్ళీ దొరకదు.

సముద్రం అడుగున 50 మీటర్ల టేపు పరిచి, మీటరుకొక ఫోటో చొప్పున తియ్యడం వాళ్ళ పని. రోజుకు రెండుసార్లు మునగాలి, ఒక్కొక్కసారి ముప్పావుగంట. మధ్యలో పడవ మీద బాటరీ మార్చడానికి గాని, చార్జి చెయ్యడానికి గాని కెమెరా మూత తెరవాలి. మూతకు చుట్టూ రబ్బరు వలయం ఉంటుంది. దానిమీద ఒక్క వెంట్రుక పడ్డా, ఇసకరేణువు పడ్డా నీరు లోపలికి పోతుంది. తడిచేతులతో, ఉప్పునీరు చిమ్మే పడవలో ఆ మూత ఎవరు తెరుస్తారు? ఒడ్డున వేసిన బాటరీయే సాయంకాలం దాకా రావాలి.

లెక్క చెయ్యండి. ఆ బాటరీ మీద 3.6 వోల్టులు, 1350 మిల్లీ ఆంపియర్ గంటలు అని ఉన్నది. రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే 4.86 వాట్ గంటలు. అంటే మన ఇంట్లో 9 వాట్ల బల్బు అరగంట వెలిగేపాటి శక్తి! కెమెరా 3 వాట్లు తింటున్నదనుకుంటే గంటన్నర పైచిలుకు వస్తుంది. రెండు మునకలకు బొటాబొటీగా సరిపోవాలి.

మొదటిరోజు సరిపోలేదు. రెండో మునకలో 31వ మీటరు దగ్గర కెమెరా ఆరిపోయింది. మిగతా 19 మీటర్లూ ఆమె కళ్ళతో చూసి పైకి రావలసి వచ్చింది.

ఆ రాత్రి ఆమె శక్తి ఎక్కడ పోయిందో కూచుని ఆలోచించింది. తీసిన ఫోటోలు వంద కూడా లేవు. తప్పు ఫోటోలది కాదు. కెమెరాలో అన్నిటికన్న తిండిపోతు వెనకనున్న తెర. ఒక మీటరునుంచి ఇంకో మీటరుకు ఈదుతున్నంతసేపూ అది వెలుగుతూనే ఉన్నది. మునకల మధ్య పడవ మీద కూచుని తీసిన ఫోటోలన్నీ అందరికీ చూపించింది. అదీ తెర ఖర్చే! కెమెరా ఎక్కడున్నదో ఉపగ్రహాలనడిగి తెలుసుకునే జి.పి.ఎస్. కూడా పనిచేస్తూనే ఉన్నది. ఆ సంకేతాలు నీటి అడుగుకు రానే రావు, అయినా అది వెతుక్కుంటూనే ఉంటుంది పాపం.

ఇక ఫ్లాషు. ప్రతి మెరుపుకూ బాటరీ ఒక కెపాసిటరును నింపాలి. నీరు ఎర్రకాంతిని తొందరగా మింగేస్తుంది గనక దగ్గరివాటి నిజమైన రంగు కనిపించాలంటే ఫ్లాషు కావలసిందే. కాని అది మీటరు, మీటరున్నర దాటి సరిగా పనిచెయ్యదు. వెలుగు వెళ్ళేటప్పుడూ, తిరిగి వచ్చేటప్పుడూ నీటిలో పోతుంది. పైగా మధ్యనున్న నలుసులు మెరిసి ఫోటో నిండా మంచు కురిసినట్టవుతుంది. ఆమె దూరపు చేపలకోసం వేసిన మెరుపులన్నీ దండగ.

మర్నాడు జి.పి.ఎస్. కట్టేసింది. తెర వెలుగు తగ్గించి, అర నిమిషంలో దానంతట అది ఆరేటట్టు పెట్టింది. పగడానికి దగ్గరగా పోయి ఫ్లాషు వేసింది. దగ్గరిదానికి చిన్న మెరుపు చాలు. దూరపువాటికి అసలు వెయ్యలేదు. పడవ మీద కెమెరాను ఎండలో పెట్టకుండా, మంచినీళ్ళ బకెట్టులో ముంచి నీడన ఉంచింది. దానివల్ల ఉప్పు కూడా కడుక్కుపోతుంది. చలిదేశాల్లో నీటి చలికి బాటరీ మందగించి తక్కువ శక్తి ఇస్తుంది. మనవైపు సముద్రాల్లో ఆ బాధ లేదు, మన శత్రువు ఎండ.

ఆ రోజు 50వ మీటరు ఫోటో తీసి పైకి వచ్చినప్పుడు బాటరీలో ఇంకా పాతికవంతు మిగిలింది. ముందురోజు తప్పిపోయిన 19 మీటర్ల చోటికి మాత్రం వాళ్ళ పడవ మళ్ళీ వెళ్ళలేదు. ఆమె రిపోర్టులో ఆ భాగం ఖాళీగానే ఉన్నది.

నేను చంపిన బాటరీని చెత్తబుట్టలో వెయ్యబోతే ఆమె పట్టుకుపోయి ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేచోట ఇచ్చింది. అటువంటివి నలిగితే నిప్పంటుకుంటాయట. ఇప్పుడు ఆమె దగ్గర మళ్ళీ రెండు బాటరీలున్నవి. వర్షాకాలంలో అవి మా బీరువాలోనే ఉంటాయి, సగం చార్జితో. మూడు నెలలకొకసారి చూడడానికి కాలెండరులో ఎర్రపెన్సిలుతో సున్నాలు చుట్టిపెట్టాను.