కొంచెం తీసేవాడికే కోత ఎక్కువ

అమెరికాలో 40 డాలర్ల నగదు చేతికి రావాలంటే ఎంత ఖర్చవుతుందో లెక్క వేద్దాం. ఆగస్టులో చదువుకు వెళ్ళిన కుర్రాడు ఇంకా అక్కడ బ్యాంకు ఖాతా తెరవలేదు. జేబులో ఉన్నది మన బ్యాంకు డెబిట్ కార్డు. పెట్రోలు బంకులోని ఏటీఎంలో పెట్టాడు. ఆ యంత్రం పెట్టినవాడు తన వంతుగా 3 డాలర్లు తీసుకున్నాడు. ఇక్కడి బ్యాంకు 125 రూపాయల రుసుము వేసింది, డాలరు మారకం మీద మూడున్నర శాతం పట్టుకుంది, ఈ రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ కలిపింది. మన బ్యాంకుల్లో చాలావాటి రేట్లు కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంటాయి. డాలరు 90 రూపాయలనుకుంటే, చేతికొచ్చింది 3,600 రూపాయలు. అందుకైన ఖర్చు దాదాపు 577 రూపాయలు. అంటే నూటికి పదహారు. బ్యాంకులు వ్యక్తిగత రుణం మీద ఏడాదికి వేసే వడ్డీకి ఇది తక్కువేం కాదు. ఇక్కడ మాత్రం తన సొంత డబ్బు తాను తీసుకున్నందుకు కట్టాడు.

అదే కుర్రాడు ఒకేసారి 400 డాలర్లు తీసి ఉంటే కోత నూటికి ఐదు పైచిలుకుతో సరిపోయేది. ఎంత తీసినా మారని రుసుముల స్వభావమే ఇది. చేతిలో ఎక్కువ ఉన్నవాడికి అవి కనిపించవు. ఇరవై, నలభై చొప్పున తీసుకుని పొదుపుగా బతుకుదామనుకునేవాడి మీదే బరువంతా పడుతుంది. జాగ్రత్తపరుడికే జరిమానా అన్నమాట.

దీనికి విరుగుడు పెద్ద విద్యేమీ కాదు. వెళ్ళిన వారంలోనే అక్కడ ఖాతా తెరవడం మొదటి పని. పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రం, చిరునామా రుజువు చూపితే సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా చాలా బ్యాంకులు ఖాతా ఇస్తాయి. విద్యార్థి ఖాతా అని అడిగి మరీ తీసుకోవాలి. మామూలు ఖాతాకుండే నెలవారీ రుసుము దానికి సాధారణంగా ఉండదు. ఖాతా తెరిచేటప్పుడు ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో ఉన్నదానికి మించి రుసుము మీద వాడుకునే వీలు, కావాలా అని అడుగుతారు. వద్దనాలి. ఏటీఎం, డెబిట్ కార్డు లావాదేవీలకు ఖాతాదారు ముందుగా ఒప్పుకుంటే తప్ప ఓవర్‌డ్రాఫ్ట్ రుసుము వేయకూడదని 2010 నుంచి అక్కడ నిబంధన ఉంది. తెలియక తల ఊపినవాడికి మాత్రం ఆ రక్షణ ఉండదు.

ఖాతా వచ్చాక కూడా సొంత బ్యాంకు ఏటీఎం వెతుక్కోవాలి. పరాయి యంత్రం దగ్గర యంత్రం వాడొకటి, తన బ్యాంకు ఒకటి, రెండు రుసుములు పడే వీలుంది. అంతకన్నా తేలిక దారి ఒకటుంది. వాల్‌మార్ట్, టార్గెట్ వంటి దుకాణాల్లో సరుకులు కొని డెబిట్ కార్డుతో కట్టేటప్పుడు క్యాష్‌బ్యాక్ అడిగితే కౌంటరులోనే నగదు ఇస్తారు, రుసుము ఉండదు. పేదలు ఎక్కువగా వెళ్ళే కొన్ని డాలర్ స్టోర్లు మాత్రం దీనికీ డబ్బు వసూలు చేస్తున్నాయని అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024లో బయటపెట్టింది. అక్కడా అదే కథ: కొంచెం తీసేవాడికే కోత.

క్రెడిట్ కార్డుతో నగదు మాత్రం తీయొద్దు. రుసుముతో పాటు తీసిన రోజు నుంచే వడ్డీ పరిగెడుతుంది.

ఇక కంటికి కనిపించని కోత. ఏటీఎం తెర మీదో, దుకాణం యంత్రం మీదో ‘రూపాయల్లో కడతారా, డాలర్లలోనా’ అన్న ప్రశ్న వస్తుంది. రూపాయలు మనకు తెలిసిన లెక్క కాబట్టి వేలు అటే పోతుంది. అక్కడే యంత్రం వాళ్ళు లాభం కలుపుకుని తమకు నచ్చిన మారకపు రేటు వేస్తారు. ఏ దేశంలో ఉంటే ఆ దేశపు డబ్బే ఎంచుకోవాలి. ఇంటికి డబ్బు పంపేటప్పుడూ ఇంతే. ‘కమిషన్ లేదు’ అన్న బోర్డు వెనక రేటులోనే కమిషన్ దాగి ఉంటుంది. దుబాయిలోనో దోహాలోనో పనిచేసే జగిత్యాల, నిజామాబాద్ అన్నలు ఎక్స్ఛేంజి కిటికీ దగ్గర ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ‘నేనిచ్చే సొమ్ముకు మా ఇంట్ల చేతికి ఎన్ని రూపాయలొస్తయి?’ రెండు మూడు చోట్ల అడిగి పోల్చుకుంటే అసలు ధర తేలిపోతుంది. పంపే ప్రతిసారీ రుసుము ఉంటుంది కనుక నెలకు మూడుసార్లు కొంచెం కొంచెంగా కాక ఒకేసారి పంపడం మేలు.

ఇవన్నీ మనం తీసుకోవాల్సిన జాగ్రత్తలు. అయితే బాధ్యతంతా ఖాతాదారు నెత్తిన రుద్దడం న్యాయం కాదు. ఈ రుసుములు ఆకాశం నుంచి ఊడిపడలేదు; వేసినవాళ్ళు తీసేయనూ గలరు. ఆస్ట్రేలియాలో నాలుగు పెద్ద బ్యాంకులు 2017లో ఇతర బ్యాంకుల కార్డుల మీద ఏటీఎం రుసుము ఎత్తేశాయి, దేశంలోని కార్డులకు. కార్డు లావాదేవీల్లో మారకం మీద ఎంత అదనంగా తీసుకుంటున్నారో శాతంలో చెప్పాలని ఐరోపా సమాఖ్య 2020 నుంచి నిబంధన పెట్టింది. అమెరికాలో విదేశాలకు డబ్బు పంపేవాడికి రుసుమెంత, రేటెంత, అవతల చేతికి అందేదెంత అన్నవి ముందే చెప్పాలని 2013 నుంచి నియమం అమల్లో ఉంది.

మన రిజర్వ్ బ్యాంకు కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ వాడకాన్ని 2020 నుంచి మూసే ఉంచమంది. మోసాల నుంచి కాపాడటానికి అది మంచి పని. ఖాతాదారు కోరి తెరిపించుకుంటాడు కదా, ఆ తెరిచే క్షణంలోనే ‘ఒక్కోసారికి ఇంత రుసుము, నూటికి ఇంత మారకపు కోత, దాని మీద ఇంత పన్ను’ అని తెలుగులో చూపించి, చదివాకే సరే అననివ్వాలి. నగదు తీశాక వచ్చే సందేశంలో అసలు ఎంత, కోత ఎంత అన్నది విడివిడిగా చెప్పాలి. యాప్‌లో రోజుకో రుణం ఆఫరు పంపగలిగే బ్యాంకుకు ఈ రెండు వరుసలు రాయడం కష్టం కాదు. రిజర్వ్ బ్యాంకు ఆ పని వాటిచేత చేయించాలి.