ఇంజనుకు గోనెపట్టా

ఇంజను వేడెక్కితే తెలుగు లెక్చరరుకు ఏం పని అని మీరు అడగవచ్చు. పని లేకపోతే బాగానే ఉండేది. వేడెక్కించినవాణ్ణి నేనే కావడంతో వచ్చింది చిక్కు.

హైదరాబాదు–నాగపూరు రోడ్డూ, నిజామాబాదు నుంచి జగ్దల్‌పూరు పోయే రోడ్డూ కలిసేచోట ఉంది మా పెర్కిట్. మార్చి వచ్చిందంటే ఏ కళ్ళంలో చూసినా పసుపే. తవ్విన పసుపును ఉడకబెట్టి, పదీపదిహేను రోజులు ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పితేగాని వేళ్ళూ పైపొట్టూ రాలి కొమ్ము నున్నబడదు. నున్నబడని సరుకు నిజామాబాదు మార్కెట్టు యార్డుకు తీసుకుపోతే కొనేవాడు ముఖం తిప్పుకుంటాడు.

మా అన్న డ్రమ్మును తిప్పేది గాలితో చల్లబడే ఒంటి సిలిండరు డీజిలు ఇంజను. ఆ చప్పుడులో నాకు పరీక్ష పేపర్లు దిద్దడం సాగలేదు. ఒక మధ్యాహ్నం అన్న కునుకు తీస్తుండగా, ఇంజనుకూ నా కిటికీకీ మధ్య నాలుగు గోనెపట్టాలు వేలాడగట్టాను. చప్పుడు తగ్గింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. గంట గడవలేదు, మాడు వాసన, ఆపైన టకటకమని మోత, ఒక మూలుగు. ఇంజను ఆగిపోయింది.

కూలికి వచ్చిన కుర్రాడు బకెట్టెడు నీళ్ళతో పరుగెత్తుకొచ్చాడు. అన్న గుమ్మంలోనుంచే కేక వేసి ఆపాడు. కాగిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే హెడ్డు పగులుతుంది మరి!

కళ్ళంలో సగం పసుపు అలాగే ఉంది. పడమట మబ్బు కమ్ముతోంది. "కొత్తది కొనుడే తమ్మీ," అన్నాడు అన్న. అతని దగ్గరున్న డబ్బు కూతురి కాలేజీ ఫీజుకు దాచినదని నాకు తెలుసు. ఇంక నోరు పెగల్లేదు.

ఆర్మూరు నుంచి మేస్త్రీ వచ్చాడు. "కొనుడు ఎప్పుడైనా ఉంటది. ముందుగాల ఇప్పి సూద్దాం," అన్నాడు. బాగా చల్లారనిచ్చి, హ్యాండిలు వేసి చేత్తో తిప్పాడు. బిగుసుకున్నది కాస్తా మెల్లగా కదిలింది. అది మంచి శకునమట. తొడుగు రేకు విప్పితే, సిలిండరు చుట్టూ ఉండే రెక్కల సందుల్లో పసుపు దుమ్మూ, కారిన ఆయిలూ కలిసి పిడకలా గట్టిపడి ఉన్నాయి.

1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును పరీక్షకు పెట్టినప్పుడు, నూనె ఇచ్చే వేడిలో నాలుగోవంతుకు కాస్త ఎక్కువ పనిగా మారిందని ఘనంగా చెప్పుకున్నారు. మా బుల్లి ఇంజను కూడా మూడోవంతుకు మించి వాడుకోలేదు. తక్కిన వేడి పొగతోనూ, ఈ రెక్కలమీదుగానూ పోవలసిందే. పోయే దారి మూస్తే అల్యూమినియం పిస్టను ఇనుప సిలిండరుకంటే ఎక్కువ ఉబ్బి గోడలను ఒరుసుకుంటుంది.

"దుమ్ము ఎప్పటిదో. గని ఫ్యాను గాలి పీల్చే దిక్కున ఈ పట్టాలు ఎవరు కట్టిండ్రు?" అన్నాడు మేస్త్రీ. వ్యాకరణంలో కర్మణి ప్రయోగం ఎందుకున్నదో ఆ క్షణాన బోధపడింది. "కట్టబడ్డాయి," అన్నాను.

అన్న ఇంకా కొత్త ఇంజను మాటే అంటున్నాడు. చవకలో వచ్చే చిన్నది నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంది. మాది పదిహేను వందలు. పుల్లీ మార్చకుండా తగిలిస్తే డ్రమ్ము రెట్టింపు వేగంతో తిరిగి, కొమ్ములు ఒకదాన్నొకటి ఒరుసుకోవడం మాని గోడకు అతుక్కుంటాయట. బోల్టుల రంధ్రాలు కూడా కలవాలి. ఇదంతా విని అన్న మెత్తబడ్డాడు.

సిలిండరు లోపల గీతలు సన్నంగానే ఉన్నాయి. "క్రాంకు నీలం తిరిగుంటే నేనే కొనమందును. ఇది బోరు కొట్టిస్తే వస్తది," అన్నాడు మేస్త్రీ. బోరు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టనూ రింగులూ వేయడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రాత్రులూ నేనూ అన్నా టార్పాలిను అంచులు పట్టుకుని కళ్ళంలోనే కూర్చున్నాం. నాలుగు చినుకులు పడి మబ్బు విచ్చిపోయింది. అక్కడే అసలు సంగతి కర్తరిలో చెప్పాను. అన్న ఏమీ అనలేదు. బీడీ వెలిగించుకున్నాడు. మేస్త్రీ బిల్లు నేనే కట్టాను.

ఇప్పుడు వారానికోసారి రెక్కల సందులు బ్రష్షుతో దులిపే పని నాకు అప్పగించారు. వదినె మాత్రం ఆ నాలుగు పట్టాలనూ ఉతికి, కాళ్ళు తుడుచుకోవడానికి నా గది గుమ్మంలోనే పరిచింది.