చదువురానివాళ్ళు ఎవరు?

నేను పంతుల్ని. సంతకం రానివాళ్ళ పేరు పక్కన 'నిరక్షరాస్యులు' అని రాసేది నేనే. ఆఫ్రికాలోని సెనెగల్ దేశపు ఊమూ సీ గురించి చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి ఆడటం లేదు.

ఆమె 1952లో పోడోర్‌లో పుట్టింది. ఫ్రెంచి దొరలు పెట్టిపోయిన బడిచదువు ఆమెకి లేదు. కుట్టుపని కూడా కూర్చోబెట్టి ఎవరూ నేర్పలేదు, తనంతట తనే పట్టుకుంది. రాజధాని డాకార్‌లో కొత్త దుస్తుల రూపకర్తగా నిలబడింది. అక్కడి పాతకాలపు నేత, అద్దకం, నగల పనే ఆమె పెట్టుబడి. మాంబెటీ తీసిన 'హైనాలు' (1992) సినిమాకి దుస్తులు ఆమెవే. 1998లో నెదర్లాండ్స్ వాళ్ళ ప్రిన్స్ క్లాస్ అవార్డు వచ్చింది.

అవార్డు సంగతి అలా ఉంచండి. 1996లోనే మరికొందరితో కలిసి డాకార్‌లో 'మెతిసకానా' అనే ఇంటర్నెట్ కేంద్రం తెరిచింది. పశ్చిమాఫ్రికాలో అలాంటిది అదే మొదటిదంటారు. బడి మెట్టెక్కని ఆడమనిషి కంప్యూటర్లు పెట్టించిందండీ! డిగ్రీ ఉన్న నేను అప్పటికి ఆ పేరైనా వినలేదు. పైగా తన విద్య దాచుకోలేదు, పిల్లలకి పని నేర్పే బడి కూడా పెట్టింది.

వచ్చే అక్షరాస్యత మీటింగులో ఫారంలో ఇంకో గడి గీయమని అడగబోతున్నాను: 'చేతిలో ఏ విద్య ఉంది?' అని. నవ్వుతారు. నవ్వనీయండి.