అక్షరం ఏడేళ్లు ఆగాలా?

ఈ మధ్య నా పాత విద్యార్థులు ముగ్గురు ఒకే ప్రశ్న అడిగారు. ముగ్గురూ మన వాడల నుంచి వచ్చినవాళ్లే. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగాలు, ఇంట్లో చిన్నపిల్లలు. "మేడం, పిల్లల్ని వాల్డార్ఫ్ పద్ధతిలో పెంచుదామనుకుంటున్నాం, మీరేమంటారు?" అని. విడివిడిగా జవాబిచ్చే బదులు ఇక్కడే రాస్తున్నాను. పెళ్లికాని విద్యార్థి మిత్రులు మాకెందుకులే అని దాటెయ్యకండి. పిల్లల్ని ఎలా పెంచాలన్నది కూడా కులం ప్రశ్నే.

తెలియనివాళ్ల కోసం ముందు ఆ పద్ధతేంటో చెప్తాను. చిన్నపిల్లల ముందు టీవీ, ఫోన్ పెట్టరు. ప్లాస్టిక్ బొమ్మల బదులు చెక్క, గుడ్డ, మట్టి, తేనెమైనం. గుడ్డబొమ్మకు కళ్లూ నోరూ చుక్కల్లాగే ఉంటాయి. అది నవ్వుతోందో ఏడుస్తోందో పిల్లలే ఊహించుకోవాలని. రోజూ ఒకే వేళకు ఆట, ఒకే వేళకు తిండి, ఒకే వేళకు కథ. పెద్దవాళ్లను చూసి పిల్లలు పని నేర్చుకుంటారు: పిండి కలపడం, ఊడవడం, బట్టలు మడవడం. చదవడం, రాయడం మాత్రం పాలపళ్లు ఊడే వయసు దాకా, అంటే దాదాపు ఏడేళ్ల దాకా నేర్పరు.

ఇది ఎక్కడ పుట్టింది? 1919 సెప్టెంబర్‌లో, జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో. వాల్డార్ఫ్ అస్టోరియా ఒక సిగరెట్ ఫ్యాక్టరీ. దాని యజమాని ఎమిల్ మోల్ట్ తన కార్మికుల పిల్లలకు ఒక బడి కావాలన్నాడు. రుడాల్ఫ్ స్టైనర్ ఆ బడికి రూపం ఇచ్చాడు. మొదట చేరిన 256 మందిలో 191 మంది ఫ్యాక్టరీ కుటుంబాల పిల్లలే. ఆడపిల్లలు, మగపిల్లలు, కూలీల బిడ్డలు, ఉన్నవాళ్ల బిడ్డలు ఒకే తరగతిలో కూర్చున్నారు. ఆ కాలానికి అది పెద్ద సంగతి. వందేళ్లు గడిచాక మన నగరాల్లో ఆ చదువు ఫీజు కట్టగలిగిన ఇళ్లకు చేరింది. నిజామాబాద్ వైపు పల్లెల్లో బీడీలు చుట్టే తల్లుల పిల్లలకు చేరలేదు. పొగాకు కూలీల బిడ్డల కోసం మొదలైంది కాబట్టి దీని మీద మనకూ హక్కుంది. హక్కుంది కాబట్టే ప్రశ్నించి తీసుకుందాం.

పని సంగతి చూద్దాం. ముంజకాయల బండి, అమ్మ పాత చీర పీలికలతో బొమ్మ, వాగొడ్డున మట్టి ఎడ్లు. మా వాడలో ఇవన్నీ ఉన్నాయి. "చూశారా, మన వాడే అసలైన వాల్డార్ఫ్" అని కొందరు మురిసిపోతారు. నేను మురవలేను. నేను చదివిన ఊరి బడిలో గది ఊడవడానికి సారు పిలిచే పేర్లన్నీ మా వాడవే. ఊళ్లో పిల్ల చేతికి చీపురిస్తే అది చదువు, మన పిల్ల చేతికిస్తే అది కులం. చీపురు ఒకటే అయినా దాన్ని కింద పెట్టి వెళ్లిపోయే స్వేచ్ఛ ఒకరికే ఉంది.

అలాగని పిల్లలకు పని నేర్పకూడదని అనను. కంచ ఐలయ్య 2007లో శ్రమ గౌరవం మీద పిల్లల కోసమే ఇంగ్లీషులో ఒక పుస్తకం తెచ్చారు. కుండ చేసేవాళ్లు, తోలు పని చేసేవాళ్లు, బట్టలుతికేవాళ్లు ఎంత శాస్త్రం తెలిసినవాళ్లో అందులో చెప్పారు. పనితో పాటు పని చేసిన మనిషి పేరు కూడా పిల్లలకు తెలియాలి. మా ఇంట్లో మా అబ్బాయి తన కంచం తనే కడుగుతాడు, బాత్రూం కడగడంలో వాళ్ల నాన్నకు సాయం చేస్తాడు. చెప్పు చేతికిచ్చినప్పుడు వాళ్ల ముత్తాత ఇవి కుట్టేవాడని చెప్తాం. సిగ్గుపడుతూ చెప్పం.

ఇంకో ప్రశ్న. ఈ నెమ్మదైన ఇల్లు ఎవరి ఒంటి మీద నడుస్తుంది? బొమ్మ కుట్టడం, పిండివంట, వేళకు కథ, ఫోన్ ఇవ్వకుండా రోజంతా పిల్లల్ని ఆడించడం. వీటన్నిటి వెనకా ఇంట్లో ఉండే ఒక అమ్మ ఉందని ఈ పద్ధతి అనుకుంటుంది. మా అమ్మ తెల్లారేసరికి నాటుకు వెళ్లేది. ఇవాళ అపార్ట్‌మెంట్‌లో పిల్ల చేతి నుంచి ఫోన్ లాక్కుని కథ చెప్పే తీరిక ఒక తల్లికి దొరుకుతోందంటే, చాలాసార్లు అంట్లు తోమడానికి ఇంకో తల్లి వచ్చింది కాబట్టే. ఆమె బిడ్డ ఆ వేళకు ఎక్కడున్నాడు? మగవాళ్లు సగం పని తీసుకోకుండా ఈ పద్ధతి పెట్టుకుంటే ఆడవాళ్లకు ఇంకో షిఫ్టు తప్ప మిగిలేది ఏమీ లేదు.

ఇక అసలు విషయం, అక్షరం. మూడేళ్ల పిల్ల వేళ్లు నొప్పెట్టేలా నాలుగు గీతల పుస్తకం రాయించే ఎల్‌కేజీల కంటే ఏడేళ్ల దాకా ఆడుకోనివ్వడం మేలే. ఫిన్లాండ్‌లో కూడా బడి చదువు ఏడేళ్లకే మొదలవుతుంది. కానీ ఆగడానికి కూడా ఆస్తి కావాలి. తాతల నుంచి పుస్తకాల బీరువా ఉన్న ఇంట్లో అక్షరం ఎక్కడికీ పోదు, ఏడేళ్లయినా అక్కడే ఉంటుంది. మా అమ్మమ్మ పింఛను కాగితం మీద వేలిముద్ర వేసేది. మా ఇంట్లోకి అక్షరం వచ్చి ఒక్క తరమే అయింది. సావిత్రిబాయి ఫూలే మీద పేడ విసిరింది ఆమె అక్షరం నేర్పుతోందనే. ఆ ఫూలేల బడిలో చదివిన మాంగ్ పిల్ల ముక్తా సాల్వే 1855లోనే మాంగులు, మహర్ల దుఃఖం మీద వ్యాసం రాసింది. మాంగులంటే మరాఠీ నేల మీద మన మాదిగలే. ఇంత చరిత్ర ఉన్నవాళ్లం "అక్షరానికి ఇంకా వేళ కాలేదు" అనే మాట విన్నప్పుడు ఒకసారి ఉలిక్కిపడాలి. మా పాపకు నాలుగేళ్లు. బలవంతంగా దిద్దించం, పుస్తకం దాచిపెట్టం. అడిగితే చెప్తాం. తన పేరులో మొదటి అక్షరం అంబేద్కర్ పేరులోనూ ఉందని తనే కనిపెట్టింది.

స్టైనర్ సిద్ధాంతం కూడా తెలుసుకోండి. ఆయన జర్మనీలో దివ్యజ్ఞాన సమాజానికి నాయకుడు. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని అనీబిసెంట్ జగద్గురువుగా నిలబెడుతుంటే ఒప్పుకోక బయటికొచ్చాడు. వస్తూ కర్మను, పునర్జన్మను వెంట తెచ్చుకున్నాడు. చర్మం రంగును బట్టి జాతులకు మెట్లు కట్టిన మాటలు ఆయన ఉపన్యాసాల్లో ఉన్నాయి. జర్మనీ వాల్డార్ఫ్ బడుల సంఘం 2007లో జాతి వివక్షను ఖండిస్తూ ప్రకటన చేసింది, మంచిదే. కర్మ సంగతి మాత్రం మనం తేల్చుకోవాలి. పోయిన జన్మ పాపం వల్లే ఈ జన్మలో ఈ కులం అని విన్న జాతికి ఆ మాట జర్మనీ నుంచి వచ్చినా చేదే.

మరి ఏం తీసుకుందాం? కథను తీసుకుందాం. గ్రిమ్ సోదరుల కథల పక్కన జాంబపురాణం పెట్టండి. భూమి పుట్టకముందే పుట్టిన ఆది జాంబవుడి కథను చిందు, డక్కలి కళాకారులు తరతరాలుగా మోసుకొచ్చారు. దాన్ని నిద్రపోయే పిల్లకు చెప్పండి. పండుగలు పిల్లలకు కాలాన్ని నేర్పుతాయని ఈ పద్ధతి అంటుంది. అయితే జనవరి 3న సావిత్రిబాయికి, ఏప్రిల్ 11న ఫూలేకి, 14న బాబాసాహెబ్‌కి, సెప్టెంబర్ 28న జాషువాకి ఇంట్లో దీపం, పాట, తీపి ఉండాలి.

చివరిగా, ఇది మన ఇంటి తలుపు దగ్గర ఆగకూడదు. 1975 నుంచి అంగన్‌వాడీలు ఉన్నాయి. ఆట, పాట, కథలతో పూర్వ ప్రాథమిక విద్య ఇవ్వడం వాటి బాధ్యతల్లో ఒకటి. టీచరమ్మ చేతికి గుడ్లు, పాలు, రికార్డులు, సర్వేలు అప్పగించి కథ చెప్పే వేళ లేకుండా చేశాం. విద్యార్థి మిత్రులారా, సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు మీ వాడ అంగన్‌వాడీలో గంట కూర్చోండి. గోడ మీద రంగులున్నాయా, పిల్లల చేతికి బొమ్మలు, బొమ్మల పుస్తకాలు వస్తున్నాయా, బీరువాలో తాళంలో ఉన్నాయా చూడండి. లేకపోతే ఎందుకు లేవో సూపర్‌వైజర్‌ని, సర్పంచ్‌ని అడగండి. సాయంత్రం అంబేద్కర్ భవనంలో నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి ఒక కథ చెప్పండి. ఆ ముగ్గురు తల్లిదండ్రులకూ నా జవాబు ఇదే: గుడ్డబొమ్మ కుట్టండి, కర్మను వదిలెయ్యండి, పుస్తకాన్ని పిల్లకు అందే ఎత్తులో పెట్టండి, నెలకొకసారైనా వాడకు వచ్చి ఆ బొమ్మను ఇంకో పిల్ల చేతికివ్వండి.

జై భీమ్.