ఆపిన పరుగునకు పద్దేది?

క్రికెట్టు ఆటనుగూర్చి మన యూళ్ళలో ఒక మాట సామెతవలె చెల్లుచున్నది. బ్యాటు పట్టలేనివాడు బంతి వేయునట. బంతియు వేయలేనివాడు పోయి గీత యొద్ద నిలుచునట. చిక్కబళ్ళాపురములో విన్నను, బాగేపల్లిలో విన్నను, చింతామణిలో విన్నను మాట యిదియే. ఇది తప్పు మాట అని చెప్పుటకే మేము ఈ వ్యాసము వ్రాయుచున్నాము. తప్పగుట మాత్రమే కాదు, ఇది మన పిల్లలకు హాని చేయుచున్న మాట అని మా వాదము.

మేము ముప్పదియైదు ఏండ్లు లెక్కలు వ్రాసి జీవించినవారము. జమాఖర్చుల పుస్తకమున వచ్చిన రూపాయకు ఒక గడి ఉండును, పోయిన రూపాయకు ఒక గడి ఉండును. పోవలసియుండియు పోకుండ నిలిచిన రూపాయకు గడి లేదు. క్రికెట్టు స్కోరు పుస్తకమునందలి లోపమును ఇదియే. కొట్టిన నాలుగు పరుగులు కొట్టినవాని పేర చేరును. గీత వఱకు పరుగెత్తి, నేలపై దొర్లి, ఆ నాలుగింటిని ఒకటిగా తగ్గించినవాని పేర మిగిలిన మూడును చేరవు. ఔటైనవాని ప్రక్కన క్యాచ్ పట్టినవాని పేరు వ్రాయుదురు, నిజమే. కాని ఆపిన పరుగునకు పద్దు లేదు. పద్దు లేనిచోట బహుమతి లేదు. బహుమతి లేనిచోట పిల్లవానికి అభ్యాసముపై ఆసక్తి యెట్లు కలుగును?

ఈ మరపు నేటిది కాదు. ఆంధ్రదేశపు ఎల్లలకు వెలుపల స్థిరపడిన తెలుగు కుటుంబమున, నాగపురములో జన్మించిన సి. కె. నాయుడుగారిని మనవారందఱు ఎఱుగుదురు. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై ఆయన కొట్టిన 11 సిక్సర్లను తాతలు మనుమలకు చెప్పుచుందురు. 1932లో లార్డ్స్ మైదానమున ఆయన నాయకత్వముననే భారతదేశము తన మొదటి టెస్టు ఆడినది. ఆ యుదయము ఇంగ్లండు 19 పరుగులకే మూడు వికెట్లు కోల్పోయెను. అందు రెండు నిస్సార్ పడగొట్టినవి. వానిని చరిత్రకారులు మఱవలేదు. మూడవది వూలీ రనౌటు. అతనిని రనౌటు చేసినవాడు లాల్ సింగ్, మలయాలో స్థిరపడిన సిక్కు కుటుంబపు బిడ్డ. ఆయన పేరు నేడెందఱకు తెలియును? అదే ఆటలో నాయుడుగారు ఒక క్యాచ్‌కై ప్రయత్నించి చేతికి గాయము చేసికొనిరి. ఆ చేతితోనే మొదటి యిన్నింగ్సులో 40 పరుగులు చేసి తన జట్టులో అగ్రస్థానమున నిలిచిరి. నలుబది మనకు గుర్తున్నది. చేయి గుర్తులేదు.

ఇట్టి మరపునకు చేతులతోనే సమాధానము చెప్పినవారు అమెరికాలో కలరు. వారు నల్లజాతి కళాశాలలనుండి వచ్చిన బేస్‌బాల్ ఆటగాండ్రు. ఆ యాటను మన పాఠకులు అనేకులు చూచియుండరు గావున రెండు మాటలు చెప్పెదము. బేస్‌బాల్ మన చిన్నిదాండునకు దూరపు చుట్టము. మనము చిన్నిదాండు అను దానినే ఆంధ్రదేశమున బిళ్ళంగోడు అందురు. బేస్‌బాల్ జట్టులో తొమ్మండుగురు ఉందురు. వారిలో ముగ్గురు మైదానపు దూరపు అంచున, ఎడమను, నడుమను, కుడిని కావలి కాయుదురు. వీరిని ఔట్‌ఫీల్డర్లు అందురు. గాలిలో వచ్చు బంతిని నేల తాకక మునుపే పట్టినచో కొట్టినవాడు ఔటగును; మన ఆటలో బిళ్ళను పట్టినట్లే. పట్టలేకపోయినచో, నడుమ స్థావరములపై నిలిచియున్న ఎదిరి జట్టువారు ఒకరి వెనుక ఒకరు ఇల్లు చేరి పరుగులు గడింతురు.

అమెరికాలో బానిసత్వము 1865లో చట్టరీత్యా అంతరించెను. అయినను దక్షిణ రాష్ట్రములలో తెల్లవారి విశ్వవిద్యాలయములు నల్లవారికి తలుపులు తెఱువలేదు. అందుచేత వేఱు కళాశాలలు పుట్టినవి. అలబామా ఎ అండ్ ఎం 1875లోను, ఫ్లోరిడా ఎ అండ్ ఎం 1887లోను, లూయీసియానాలోని గ్రాంబ్లింగ్ 1901లోను స్థాపితములైనవి. అలబామా కళాశాలను నెలకొల్పిన విలియం హూపర్ కౌన్సిల్ పుట్టుకచేత బానిస. గ్రాంబ్లింగునకు 1936 నుండి 1977 వఱకు అధ్యక్షుడుగా ఉన్న రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ జోన్స్ కళాశాలను నడుపుచునే బేస్‌బాల్ జట్టునకు శిక్షణయు ఇచ్చెను. ఇరువదవ శతాబ్దమున 1947లో జాకీ రాబిన్సన్ అడుగిడు వఱకు పెద్ద లీగులలో నల్లవారికి చోటే లేదు. ఇట్టి వెలివేతను అనుభవించిన జాతి తన కళాశాలలలో ఎట్టి చేతులను తయారు చేసినదో చూడుడు.

న్యూయార్క్ మెట్స్ 1962లో పుట్టి, ఆ తొలి యేడే 120 ఆటలు ఓడి నవ్వులపాలైన జట్టు. ఆ జట్టే 1969లో వరల్డ్ సిరీస్ అను తుదిపోరులో బాల్టిమోరును ఎదుర్కొనెను. నడుమ కావలివాడు టామీ ఏజీ, గ్రాంబ్లింగ్ విద్యార్థి. ఎడమ కావలివాడు క్లియోన్ జోన్స్, అలబామా ఎ అండ్ ఎం విద్యార్థి. ఇరువురును అలబామాలోని మొబీల్ ప్రాంతమున ఒకే పాఠశాలలో చదివినవారు. అక్టోబరు 14న జరిగిన మూడవ ఆట నాలుగవ యిన్నింగ్సులో బాల్టిమోరువారు ఇరువురు స్థావరములపై ఉండగా, ఎడమవైపు దూరముగా పోవు బంతిని ఏజీ పరుగెత్తి గోడ చెంత తొడుగు కొసన అందుకొనెను. ఏడవ యిన్నింగ్సులో మూడు స్థావరములును నిండియుండగా, కుడివైపు పోవు బంతిని నేలపై బోరగిల దుమికి పట్టెను. లెక్క వేయుడు: ఇద్దఱును ముగ్గురును, మొత్తము ఐదుగురు. ఆ యాటలో మెట్స్ 5–0తో గెలిచిరి. అక్టోబరు 16న బాల్టిమోరు కొట్టిన చివరి బంతి ఎడమ కావలికి పోయెను. క్లియోన్ జోన్స్ దానిని పట్టి, అచ్చటనే ఒక మోకాలు నేలకు వంచెను. నవ్వులపాలైన జట్టు ఆ క్షణమున జగజ్జేతయైనది.

ఇది ఒక్క యేటి వింత కాదు. ఫ్లోరిడా ఎ అండ్ ఎం నుండి వచ్చిన ఆండ్రే డాసన్‌ను 1975 ఎంపికలో 11వ విడత వఱకు ఏ జట్టును పిలువలేదు. అటువంటివాడు ఉత్తమ ఫీల్డర్లకు 1957 నుండి ఇచ్చుచున్న గోల్డ్ గ్లోవ్, అనగా బంగారు తొడుగు, బహుమతిని ఎనిమిదిమార్లు పొందెను. 2010లో కీర్తిమందిరమున చేరెను. అదే కళాశాలవాడైన మార్కీస్ గ్రిస్సమ్ 1993 నుండి 1996 వఱకు వరుసగా నాలుగు బంగారు తొడుగులు గెలిచెను. 1995 వరల్డ్ సిరీస్‌లో అట్లాంటా జట్టు 1–0తో గెలిచిన తుది యాటలో చివరి బంతిని పట్టినవాడు ఇతడే. ఇరువదియాఱు ఏండ్ల అంతరముతో రెండు తుదిపోరులకు ముగింపు పలికిన చేతులు నల్లజాతి కళాశాలలనుండి వచ్చిన ఔట్‌ఫీల్డర్లవే.

ఇచ్చట కొందఱు ఆక్షేపింతురు: “వారు బ్యాటుతోను ఘనులే గదా! ఏజీ ఆ యాటలో మొదటనే హోమ్‌రన్ కొట్టెను. డాసన్ 438 హోమ్‌రన్లు కొట్టెను. కొట్టలేనివానిని ఎవరు పిలుతురు?” ఈ ఆక్షేపణలోని నిజమును మేము కాదనము. కాని ఏజీ హోమ్‌రన్ తెచ్చినది ఒక్క పరుగు. అతని రెండు పట్టులు ఇల్లు చేరనీయనివారు ఐదుగురు. ఒకటి గొప్పదా, ఐదు గొప్పవా? గుమాస్తాకు ఈ ప్రశ్న కష్టమైనది కాదు. కష్టమంతయు చప్పట్లు కొట్టువారికే.

మఱికొందఱు, “పట్టువాడు పట్టును, అందులో విద్య యేమున్నది?” అందురు. వారు 2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో జరిగిన టి20 ప్రపంచకప్పు తుది యాటను జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. చివరి ఓవరులో దక్షిణాఫ్రికాకు 16 పరుగులు కావలెను. మొదటి బంతినే మిల్లరు ఎత్తి కొట్టెను. సూర్యకుమార్ యాదవ్ గీత యంచున పట్టి, తాను గీత దాటబోవుచు బంతిని లోపలికి ఎగురవైచి, మరల లోనికి వచ్చి పట్టెను. భారతదేశము గెలిచినది 7 పరుగులతో. ఆ బంతి గీత దాటియుండినచో ఆరు పరుగులు పోయి, ఐదు బంతులకు పదియే మిగిలియుండును. అడుగుల కొలత, గాలి లెక్క, మనో నిబ్బరము, ఇవి విద్య కానిచో విద్య యేదియో వారే చెప్పవలెను.

ఈ విద్యను గౌరవించినచో ఫలితమెట్లుండునో తెలుగునేలయే చూపినది. హైదరాబాదు సయ్యద్ ఆబిద్ అలీని 1956లో పాఠశాలల జట్టునకు ఎన్నుకొన్నది ఫీల్డింగు చూచియే. ఆ పోటీలలో ఆయనకు ఉత్తమ ఫీల్డరు బహుమతి లభించెను. ఆ బాలుడే పెద్దవాడై భారతదేశము తరఫున 29 టెస్టులాడి, 1971లో ఓవల్ మైదానమున ఇంగ్లండుపై గెలుపు పరుగులను కొట్టెను. 2014 తరువాత భారత జట్టునకు ఫీల్డింగు నేర్పిన ఆర్. శ్రీధర్ హైదరాబాదు తరఫున ఆడినవాడు. 2021లో ఆ పదవికి వచ్చిన టి. దిలీప్ హైదరాబాదువాడే. 2023 ప్రపంచకప్పులో ఒక్కొక్క ఆట ముగిసినపిమ్మట ఉత్తమ ఫీల్డరునకు పతకము వేయు సంప్రదాయము దిలీప్ కాలమున ప్రసిద్ధికెక్కెను. కోట్లు గడించు ఆటగాండ్రు ఆ చిన్న పతకమునకై పసిపిల్లలవలె ఎదురుచూచుటను లోకమంతయు చూచినది. వారికే పతకము కావలసియుండగా మన పిల్లలకు అక్కఱలేదా?

“సంస్కృతీ సంచికలో ఆటల గొడవ యెందుకు?” అను పెద్దలకు మా మనవి యిది. ఆపినవానిని గౌరవించుట మన జిల్లాకు క్రొత్త కాదు. ముద్దేనహళ్ళిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచిన పిమ్మట ఆ నగరమును వరదనుండి కాపాడు ప్రణాళికను సిద్ధపఱచిరి. రాని వరదకు స్కోరు పుస్తకము లేదు. అయినను ఆయనకు మనము విగ్రహములు నిలిపితిమి. చుట్టును వేఱొక భాష నడుచుచుండగా ఇంటిలో తెలుగు పలుకు జారిపోకుండ పట్టుకొనుచున్న మన తల్లుల పనియు ఇట్టిదియే. కైవారము తాతయ్యగారు తెలుగులోను కన్నడములోను పాడిన నేలపై మనకు ఏ భాషతోను కలహము లేదు. ఉన్నదానిని పోనీయకుండుటయు ఒక ఘనకార్యమని మాత్రము ఎఱుగుదుము. ఇంటిలో ఎఱిగినదానిని మైదానమున మఱచుట న్యాయమా?

ఒక అపార్థమునకు మాత్రము తావీయరాదు. బ్యాటు ధనవంతుల బిడ్డలకు, గీత కావలి పేదల బిడ్డలకు అని మేము చెప్పుటలేదు. అట్లు పంచుటయే మా కోపమునకు కారణము. మంచి బ్యాటునకు వేలు కావలెను. వలలు, పిచ్, శిక్షకుడు కావలెను. పట్టు నేర్చుటకు ఒక బంతియు, ఒక తోడును, కొంత ఖాళీ నేలయు చాలును. కావున చిన్న ఊరి పిల్లలు పెద్ద నగరపు పిల్లలతో మొదటినుండియు సమానముగ నేర్వదగిన విద్య యిది. దీనినే మనము హీనమని వెక్కిరించినచో వారికి తెఱచియున్న ఒక్క తలుపును మన చేతులతో మనమే మూసినవారమగుదుము.

మన సంఘము చేయవలసినవి మూడు. ఒకటి: వార్షిక క్రీడలలో బ్యాటుకు ఎంత బహుమతియో ఫీల్డింగునకును అంతయే ఈయవలెను, బాలురకును బాలికలకును వేఱువేఱుగా ఈయవలెను. రెండు: స్కోరు పుస్తకమున ఒక క్రొత్త గడి గీచి, ఆపిన పరుగులను, పట్టిన క్యాచ్‌లను, జారిన క్యాచ్‌లను పేర్లతో వ్రాయవలెను. ఆ పుస్తకము వ్రాయుటకు సంఘమునందలి విశ్రాంత గుమాస్తాలము సిద్ధముగ ఉన్నాము. మాకు జీతము వలదు. మూడు: మన మూడు ఊళ్ళలో పిల్లలు ఆడు ఖాళీ నేలలు ఇండ్ల స్థలములుగా మాఱకుండ పెద్దలు అడ్డుపడవలెను. నేల లేనిచోట దుముకుట ఎచ్చట?

అమెరికాలోని ఆ కళాశాలల ఆటగాండ్రను ఎవరును చూచుటలేదని గ్రహించి, 2023లో సియాటిల్ నగరమున వారికొఱకు ఒక ప్రత్యేక ప్రదర్శన పోటీని ప్రారంభించిరి. దానికి పూనుకొన్న కెన్ గ్రిఫీ జూనియర్ తానే పది బంగారు తొడుగులు పొందిన ఔట్‌ఫీల్డరు. అయినను ఆ పోటీ పేరు స్వింగ్‌మన్ క్లాసిక్. అనగా బ్యాటు విసరువానిపేరనే వెలసినది! లోకపు అలవాటు అంత బలమైనది. ఆ యలవాటును మార్చుట అమెరికాకు కష్టమైనను, మన సంఘపు స్కోరు పుస్తకమున ఒక గీత గీచుట మనకు కష్టము కాదు. రాబోవు క్రీడోత్సవమునకు ముందే కార్యవర్గమువారు ఆ గీత గీతురని మా ఆశ; గీయనిచో వచ్చు సంచికలో మరల అడుగుదుమని మా మాట.