బందరు రుచులు - చల్లపల్లి బాధ్యత

జపాను సముద్రతీరపు పట్టణములలో నొక చక్కని యాచారము కలదు. స్థానికుడైన మార్గదర్శి కొలదిమంది యాత్రికులను వెంటనిడుకొని, చేపల యంగడి మొదలు చిన్న దుకాణముల వరకు నడిపించును. అచ్చటచ్చట నొక్కొక్క పదార్థమును రుచి చూపి దాని పుట్టుపూర్వోత్తరములను చెప్పును. ఇది కేవలము జిహ్వచాపల్యమని తోసివేయరాదు. ఊరి వృత్తులను నిలుపుకొను నుపాయ మిది.

మన కృష్ణాతీరమున కీ భాగ్యము కొరవడినదా? చల్లపల్లి నుండి బందరు గంటలోపు ప్రయాణము. 1605లో డచ్చివారును, 1611లో నింగ్లీషువారును వర్తకమునకై దిగిన రేవది. జపాను భాష నేర్చి 'జపాను వెంకయ్య' యని పేరొందిన పింగళి వెంకయ్యగారు జన్మించిన భట్లపెనుమర్రు ఈ సీమలోనిదే. గిలకలదిండి రేవున చేపలు దిగుట, కోనేరు సెంటరు చెంత మిఠాయి యంగళ్లు, గోధుమపాల హల్వా - ఇన్నియు నొక్క పూటలో చూడదగినవి.

అన్నింటిని మించినది లడ్డు. శనగపిండిని వేయించి, దంచి, బెల్లపు పాకమున కలిపి, నేయి చేర్చుచు రోకటితో మరల మరల దంచుదురు. కనుకనే దానికి తొక్కుడు లడ్డని పేరు. ఆ మెత్తదనము పాకమున లేదు, దంచువాని భుజములలో నున్నది. 2017లో బందరు లడ్డుకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతసమే. కాని చట్టము పేరును కాపాడగలదుగాని రోకలి పట్టజాలదు. ఆ శ్రమకు తగిన కూలి రానినాడు దంచువాని కుమారుడు మరియొక పని వెదకుకొనును. పేరు మిగులును, పదార్థము పోవును. కొనువాడు దంచుట నొక్కమారు కన్నులార చూచెనా, ఎచ్చటనో యంత్రమున చేసిన యుండకును దీనికిని గల ధరలోని భేదమును గూర్చి బేరమాడడు. రుచుల బాటవలన మేము కోరునది యిదియే.

వీధిలో నిలుచుండి తినుట మన మర్యాద కాదని పెద్దలు కొంద రనవచ్చును. తీర్థయాత్రలో మజిలీ మజిలీకి ఫలహారము చేసిన జాతికి ఈ శంక యేల? అంగడి యరుగుపై కూర్చుండి తిన్నచో మర్యాదకు లోపము రాదు. అసలు శంకింపవలసినది మురుగుకాలువను, ఈగలను, పారవేసిన ప్లాస్టిక్కు సంచులను. దీనికి సమాధానము చల్లపల్లియే చెప్పినది. 2014 నుండి అచ్చటి పౌరులు స్వచ్ఛందముగా వేకువనే లేచి వీధు లూడ్చి, చెట్లు నాటుచున్నారు. ప్రభుత్వ మేమి చేసెనని యడుగుటకు ముందు చీపురు చేత బట్టిన యూరది.

కావున చల్లపల్లివారే ఈ బాటకు తొలుత పూనుకొనవలెనని మా యభిప్రాయము. మార్గదర్శులుగా స్థానిక యువకులను నియమింపుడు. దంచువానిని వింతజంతువువలె చూపక, గురువువలె మాటాడనిండు. యాత్రికుడిచ్చు రుసుములో నతనికి భాగ మేర్పరుపుడు. జాలరి స్త్రీ గంపయొద్ద ఫొటో తీసుకొనువాడు ఆమె చేపయు కొనవలెనను నియమము పెట్టుడు. భూస్వాములును వర్తకులును అతిథులను పెద్ద హోటళ్లకు గొనిపోవుట మాని ఈ దుకాణములకు గొనిపోవుదురు గాక. ఊరి పేరు చెప్పుకొని గర్వించుట సులభము. ఆ పేరును నిలుపుచున్న చేతులకు అన్నము పెట్టుట ధర్మము.