దగ్గు రానివ్వని సిగరెట్

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే కుర్రాడి చేతిలో సిగరెట్ కనబడితే పెద్దవాళ్లు అనేది ఒకటే మాట: "మనసు గట్టిదైతే మానెయ్యలేడా?" ఈ తీర్పు తప్పు. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దస్తమానం కుర్చీ వదలకుండా చదివేవాడికి మనోబలం లేదనడం అన్యాయం. అసలు కిటుకు సిగరెట్‌లోనే ఉంది.

మొదటి దమ్ముకు ఎవరికైనా గొంతు మండుతుంది, దగ్గు తెరలుగా వస్తుంది. శరీరం తనకు తాను పెట్టుకున్న కాపలా అది. చల్లదనాన్ని పసిగట్టే నాడులను తట్టి, పొగ ఘాటు తెలియకుండా చేస్తుంది మింట్ సిగరెట్‌లో కలిపే మెంతాల్. దాంతో కొత్తవాడూ గుండెల నిండా పీల్చగలడు. మింట్ సిగరెట్, ఫిల్టర్‌లో నొక్కితే చిట్లే గుళిక ఉన్న సిగరెట్ "లైటు" అనుకునే మొదలుపెడతారు. తేలికయ్యేది గొంతుకే. నికోటిన్ మెదడుకు చేరుతూనే ఉంటుంది.

ఏ మెంతాలూ లేని, ఫిల్టరైనా లేని చార్మినార్ మన తాతల్ని వదల్లేదు కదా అంటారు. నిజమే, నికోటిన్ ఒక్కటే చాలు. అయితే ఆ ఘాటుకు భయపడి మొదటి దమ్ముతోనే ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. మింట్ సిగరెట్ వల వేసేది అలాంటివాళ్లకే.

ఇక సిగరెట్‌లో కలిపే చక్కెర. అది కాలితే అసిటాల్డిహైడ్ పుడుతుంది. జంతువుల మీద ప్రయోగాల్లో అది నికోటిన్ పట్టును పెంచింది. మన ప్రకాశం జిల్లా బ్యారన్లలో వేడితో ఆరబెట్టిన వర్జీనియా ఆకులో చక్కెర సహజంగానే ఎక్కువ, వేరే కలిపే పనేముంది అని వాదిస్తారు. ఆకులో ఉన్నదైనా, తెచ్చి కలిపిందైనా కాలాక వచ్చే పొగ ఒకటే. విడిగా వ్యసనం కలిగించే సంకలితం ఏదీ కనబడలేదని 2010లో యూరప్ నిపుణుల కమిటీ అన్న మాటనూ ఎత్తి చూపుతారు. పొగ పీల్చడాన్ని సులువు చేసే పదార్థాల గురించి అదే కమిటీ చెప్పింది మాత్రం ఎత్తరు. యూరోపియన్ యూనియన్ 2020 మే నుంచి మెంతాల్ సిగరెట్లను నిషేధించింది.

మనం 2019లో ఈ-సిగరెట్లను నిషేధించాం. వాటి రుచులు కుర్రకారును లాగుతున్నాయన్నాం. మింట్ సిగరెట్ చేసేదీ అదే కదా! బిస్కెట్ ప్యాకెట్ మీద ఏమేం కలిపారో రాసి ఉంటుంది. సిగరెట్ పెట్టె మీద 85 శాతం హెచ్చరికే గానీ లోపలి పదార్థాల జాబితా లేదు. 2003 నాటి పొగాకు చట్టాన్ని సవరించి ఆ జాబితా అచ్చు వేయించాలి, మెంతాల్‌ను తీయించాలి. విద్యాసంస్థలకు 100 గజాల్లోపల అమ్మకూడదన్న నియమం నారాయణగూడ కాలేజీల దగ్గర అమలు కావాలి, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకూ స్పష్టంగా వర్తించాలి.